కొరివి దెయ్యం

కొరివి దెయ్యం తెలుగువారి జానపద విశ్వాసాలలో ప్రసిద్ధమైన ఒక దెయ్యం. రాత్రివేళ పొలాలలోను, చిత్తడి నేలలలోను, శ్మశానాల దగ్గరను కనిపించి మాయమయ్యే వెలుగును ఈ పేరుతో పిలుస్తారు. ఇటువంటి వెలుగును గూర్చిన కథలు ప్రపంచంలో అనేక దేశాలలో ఉన్నవి.

పేరు

కొరివి అనగా మండుతున్న కట్టె. చితికి నిప్పంటించుటను తలకొరివి పెట్టుట అంటారు. దయ్యము అను మాట సంస్కృత పదమైన దైవమునకు వికృతి. ఒకే మూలానికి చెందిన ఈ రెండు మాటలు తెలుగులో పరస్పర విరుద్ధమైన అర్థాలను పొందినవి. కొరివి దెయ్యాన్ని తమిళులు కొళ్ళివాయ్ పిశాచు (నోట కొరివి గల పిశాచం) అని, కన్నడిగులు కొళ్ళి దెవ్వ అని అంటారు. బెంగాలులో దీనిని పోలిన వెలుగును ఆలేయా అని, గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో చిర్ బత్తి అని పిలుస్తారు.

నమ్మకాలు

అకాల మరణం పొందినవారు, ఉత్తరక్రియలు సక్రమంగా జరగనివారు దెయ్యాలై తిరుగుతారని ఒక విశ్వాసం. వారిలో కొరివి దెయ్యం నోటిలోనో, తలపైనో మంటతో సంచరిస్తుందని చెబుతారు. ఒకచోట ఆరి, మరొకచోట వెలుగుతుందని, దగ్గరకు పోయేకొద్దీ దూరంగా జరుగుతుందని, ఒంటరి బాటసారికి దారి తప్పించి ఊబిలోనికో, పాడుబావిలోనికో తీసుకొనిపోతుందని కథలు కలవు.

బాపులపాడు పరిసరాలు

కృష్ణా జిల్లాలోని బాపులపాడు (హనుమాన్ జంక్షన్) మెట్టకు, డెల్టాకు నడుమ ఉన్న ప్రాంతం. వాయవ్యాన నూజివీడు మామిడి తోటలు, దక్షిణాన కాలువలు, వరిచేలు, తూర్పున కొల్లేరు సరస్సు ఉన్నవి. ఇటువంటి నేలపై రాత్రి కనిపించే వెలుగులు ఒకే రకమైనవి కావు. వేసవిలో కాయ కోతకు వచ్చినప్పుడు తోటలలో కాపలా ఉండేవారి లాంతర్లు, టార్చిలైట్లు చెట్ల నడుమ కనబడుతూ, మరుగవుతూ ఉంటాయి. తొలకరి తరువాత మిణుగురు పురుగులు మెరుస్తాయి. నీరు నిలిచిన వరిచేలలోను, చెరువుల అడుగున కుళ్ళిన ఆకులలోను మీథేన్ వాయువు పుడుతుంది. దూరం నుండి చూచినవారికి వీటి తేడా తెలియుట కష్టం.

శాస్త్రీయ వివరణ

న్యూటన్ 1704లో ప్రచురించిన ఆప్టిక్స్ గ్రంథంలో ఈ వెలుగును ప్రస్తావించాడు. 1776లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా మజ్జోరె సరస్సు చిత్తడి నుండి వాయువును సేకరించి, అది మండుతుందని చూపాడు. అదే నేడు మీథేన్ అని పిలువబడుతున్న వాయువు.

అయితే మీథేన్ తనంత తాను అంటుకొనదు. దానిని వెలిగించునది ఏది అన్నదే చాలాకాలం చిక్కు ప్రశ్నగా ఉండినది. జీవ పదార్థం కుళ్ళినప్పుడు వెలువడే ఫాస్ఫరస్ సమ్మేళనాలు గాలి సోకి అంటుకొని ఉండవచ్చునని కొందరు భావించారు. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు మరొక వివరణ ప్రతిపాదించారు. నీటిలో మీథేన్, గాలి కలిసిన అతి సూక్ష్మ బుడగల మధ్య విద్యుదావేశం వల్ల చిన్న మెరుపులు పుడతాయని, వాటి వలన మీథేన్ ఆక్సీకరణం చెంది వెలుగు రావచ్చునని వారు ప్రయోగశాలలో చూపారు.

వెలుగు వెనుకకు జరిగినట్లు తోచుటకు కారణం సులభమైనదే. మనిషి నడకకు కదలిన గాలి పలుచని వాయువును చెదరగొట్టును. పైగా చీకటిలో ఆధారం లేని వెలుగు దూరాన్ని కన్ను సరిగా అంచనా వేయలేదు.

మేలు, కీడు

పిల్లలు రాత్రివేళ చెరువుగట్లకు, పాడుబావుల దగ్గరకు పోకుండా ఈ భయం కొంత కాపాడిందని చెప్పవచ్చును. పాడుబావులలో ఊపిరాడనీయని వాయువులు పేరుకొనుట నిజమైన ప్రమాదమే. కాని అదే భయం ప్రాణాంతకం కూడా కాగలదు. పొలం నుండి వచ్చినవారికి జ్వరం గాని, మూర్ఛ గాని వచ్చినప్పుడు దెయ్యం సోకిందని మంత్రగాళ్ళ దగ్గరకు తీసుకొనిపోయి, వైద్యం ఆలస్యం చేయుట దీనివల్ల కలిగే పెద్ద నష్టం. ఒకవేళ అది పాముకాటు అయితే ప్రతి నిమిషం విలువైనదే. దెయ్యం భయం చేతబడి అనుమానంగా మారినప్పుడు అమాయకులు దాడులకు గురి అవుతారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఇటువంటి మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా గ్రామాలలో ప్రచారం చేశాయి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకొనుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా 1976లో రాజ్యాంగంలో చేర్చబడినది.

కథలు, సినిమాలు

1947లో ప్రారంభమైన చందమామ పత్రిక బేతాళ కథలతో, దెయ్యాల కథలతో పిల్లలను అలరించినది. బి. విఠలాచార్య చిత్రాలలో, ముఖ్యంగా 1978 నాటి జగన్మోహినిలో, దెయ్యాలు ప్రధాన ఆకర్షణ. వెలుగు మాత్రమే అయిన జానపదుల కొరివి దెయ్యానికి ఇటువంటి రూపురేఖలు లేవు. అది కనిపించుటకు చీకటి కావాలి. పల్లెలలో విద్యుద్దీపాలు వచ్చిన తరువాత దానిని చూచితిమని చెప్పేవారు అరుదైనారు.

ఇవి కూడా చూడండి

• బేతాళుడు
• బ్రహ్మరాక్షసుడు
• చేతబడి
• మీథేన్
• కొల్లేరు సరస్సు