కార్వెట్‌కి తుప్పు పట్టదా? ఫైబర్‌గ్లాస్ బాడీ కింద అసలు కథ ఇదీ.. వాన, మంచు, ఉప్పు కలెక్టర్ కారును ఏం చేస్తాయంటే..

పాత స్పోర్ట్స్ కారును ప్రాణంగా చూసుకునేవాళ్లు ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే చాలు.. గ్యారేజీ షట్టర్ దించేస్తారు. ఇంకొందరు మాత్రం ‘కారు కొన్నది నడపడానికే కదా, అద్దాల పెట్టెలో పెట్టడానికా?’ అంటారు. ఈ వాదన గట్టిగా వినిపించేది అమెరికాలో.. అందులోనూ షెవ్రోలే కార్వెట్ ఓనర్ల దగ్గర. ఎందుకంటే కార్వెట్ బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. ‘ఫైబర్‌కి తుప్పేంటి?’ అన్న ధీమా చాలామందిలో ఉంటుంది. ఆ ధీమాతోనే లక్షలు పోసి కొని, ఇంటికి తెచ్చుకున్నాక కారు లోపల్లోపల తినేసి ఉందని తెలుసుకున్నవాళ్లు తక్కువేం లేరు.

మరి చెడు వాతావరణం నుంచి ఇలాంటి కారును దాచడం నిజంగా అవసరమా? సూటిగా చెప్పాలంటే.. వానకి అంతగా భయపడక్కర్లేదు. ఉప్పుకి మాత్రం కచ్చితంగా భయపడాలి. ఎందుకో చూద్దాం.

పైన ఫైబర్.. లోపల ఇనుమే

మొదటి కార్వెట్ 1953లో వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో ఆ ఏడాది తయారైనవి మొత్తం 300 కార్లే. అన్నీ తెల్ల రంగు, లోపల ఎర్ర సీట్లు. ఫైబర్‌గ్లాస్ బాడీ అప్పట్నుంచే ఉంది. కానీ ఆ బాడీని మోసే ఛాసిస్ మాత్రం మామూలు స్టీలు. 1963లో స్టింగ్ రే మోడల్ వచ్చాక ఇంకోటి కూడా చేరింది. ముందు అద్దం చుట్టూ, డోర్ల చుట్టూ స్టీలుతో చేసిన ఒక చట్రాన్ని ఫైబర్ బాడీ లోపల దాచారు. చూడ్డానికి పక్షి పంజరంలా ఉంటుంది కాబట్టి దాని పేరు కూడా ‘బర్డ్‌కేజ్’ అనే స్థిరపడింది. 1982 వరకు వచ్చిన కార్వెట్లకు ఇదే ఎముకల గూడు.

సమస్యంతా ఇక్కడే. మామూలు స్టీలు కారుకి తుప్పు పడితే పైన రంగు ఉబ్బుతుంది, చిల్లు పడుతుంది.. కంటికి కనిపిస్తుంది. కార్వెట్‌లో అలా కాదు. పైన ఫైబర్ మీద రంగు తళతళలాడుతూనే ఉంటుంది. లోపల పంజరం పొడి పొడిగా రాలిపోతుంటుంది. ముందు అద్దం కింది మూలల్లో నీళ్లు నిలుస్తాయి. రబ్బరు సీలు ముసలిదైపోతే ఆ నీళ్లు మెల్లగా కిందకి జారి, డోరు కీళ్లుండే స్తంభాల్లోకి, డ్రైవర్ కాళ్ల పక్కన బాడీని ఫ్రేమ్‌కి బిగించే మౌంట్ల దాకా వెళ్తాయి. 1968 తర్వాత వచ్చిన టీ-టాప్ మోడళ్లలో పైకప్పు పలకలు ఊడదీసుకోవచ్చు. సరదాగానే ఉంటుంది కానీ, కారడానికి అదో కొత్త దారి! ఇక ఫ్రేమ్ విషయానికొస్తే.. వెనక చక్రాలకి ముందు అది పైకి వంపు తిరిగే చోట బురద, నీళ్లు చేరి అక్కడే కూర్చుంటాయి. అక్కడి నుంచే తినడం మొదలవుతుంది.

పంజరం పోయిందంటే చిన్న రిపేరు కాదు. ఫైబర్ ప్యానెళ్లు దానికి అతికించి ఉంటాయి. వాటిని విడదీసి, స్టీలు కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, మళ్లీ అతికించి, మొత్తం రంగు వేయాలి. 1963లో ఒక్క ఏడాదే వచ్చిన, వెనక అద్దం రెండు ముక్కలుగా ఉండే కారుకైతే ఆ ఖర్చు పెట్టినా గిట్టుబాటవుతుంది. 1970ల చివర్లో వచ్చిన మామూలు కార్వెట్‌కి రిపేరు బిల్లు కారు రేటునే దాటిపోవచ్చు.

అసలు విలన్ ఉప్పు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు ఉండేవాళ్లు చలికాలంలో రోడ్డు తెల్లగా మారడం చూసే ఉంటారు. మంచు వల్ల మాత్రమే కాదు.. మంచు కరగడానికి చల్లే ఉప్పు వల్ల. ఆ రాష్ట్రాలకి ‘సాల్ట్ బెల్ట్’ అనే పేరే ఉంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్లు, గాలి చాలు. అయితే మామూలు వాననీటిలో ఆ రసాయన చర్య నెమ్మదిగా సాగుతుంది. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్ బాగా ప్రవహిస్తుంది, తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా చలి మరీ ఎక్కువైతే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. అప్పుడు మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ వాడతారు. ఇవి గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి. అంటే రోడ్డు ఎండినా కారు అడుగున తడి అలాగే ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ఉప్పును ద్రావణంగా చేసి ముందుగానే రోడ్డు మీద స్ప్రే చేస్తున్నారు. గళ్ల ఉప్పు కంటే ఈ ద్రావణం సందుల్లోకి ఇంకా బాగా దూరుతుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. ఉప్పు నీళ్లతో తడిసిన కారును తెచ్చి హీటర్ ఉన్న వెచ్చటి గ్యారేజీలో పెడితే మంచిదే కదా అనుకుంటాం. నిజానికి అది ఇంకా చెడ్డది. గడ్డకట్టే చలిలో తుప్పు చర్య దాదాపు మందగించి ఉంటుంది. వెచ్చదనం తగలగానే అంటుకున్న మంచు కరిగి, ఉప్పు నీరై, చర్య ఊపందుకుంటుంది. అడుగు భాగం కడగకుండా వెచ్చటి గ్యారేజీలో పెట్టడం కంటే బయట చలిలో వదిలేయడమే కొంత నయం!

అందుకే అనుభవం ఉన్న ఓనర్లు మొదటిసారి ఉప్పు చల్లగానే కారు లోపల పెట్టేస్తారు. మంచు కరిగిపోయిన వెంటనే కూడా బయటికి తీయరు. వసంతంలో రెండు మూడు గట్టి వానలు పడి రోడ్డు మీది ఉప్పంతా కొట్టుకుపోయాకే తాళం తీస్తారు. వానకి భయపడేవాళ్లే వాన కోసం ఎదురుచూసే సందర్భం ఇదొక్కటే.

మరి వానలో నడిపితే?

ఒక వాన కారును పాడుచేయదు. తడిసిన కారును కడిగి, తుడిచి, ఓ అరగంట నడిపి వేడెక్కించి, గాలి ఆడే చోట పెడితే చాలు. తడిసినదాన్ని అలాగే ప్లాస్టిక్ కవర్ కప్పి వదిలేస్తేనే నష్టం. లోపల ఆవిరి బయటికి పోదు. కవర్ వాడాల్సిందే అంటే గాలి ఆడే గుడ్డది తీసుకోవాలి.

వానలో అసలు ప్రమాదం తుప్పు కాదు, ప్రాణం. కార్వెట్‌లో ఏబీఎస్ వచ్చింది 1986లో. ట్రాక్షన్ కంట్రోల్ 1992లో. అంతకు ముందు కార్లలో పెద్ద ఇంజిన్, వెనక చక్రాలకి పవర్, వెడల్పాటి టైర్లు.. అన్నీ డ్రైవర్ కాలి మీదే ఆధారం. నిలిచిన నీళ్ల మీద వెడల్పు టైరు తేలిపోవడం తేలిక. పైగా కలెక్టర్ కార్ల టైర్లు అరగవు కానీ వయసైపోతాయి. ట్రెడ్ కొత్తగా కనిపిస్తున్నా పదేళ్ల నాటి రబ్బరు గట్టిపడి పట్టు ఇవ్వదు. కొత్త స్పోర్ట్స్ కార్లకి ఇంకో చిక్కు.. వాటి సమ్మర్ టైర్లు సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే పట్టు కోల్పోతాయి. గడ్డకట్టే చలిలో కదిలిస్తే కొన్ని రకాల టైర్ల రబ్బరు పగిలే అవకాశం కూడా ఉంది.

దాచేస్తే సరిపోతుందా? అదీ కాదు!

చాలామంది పట్టించుకోనిది ఈ భాగాన్నే. కదలకుండా ఉన్న కారు కూడా పాడవుతుంది. దీనికి కార్వెటే మంచి ఉదాహరణ. 1965 నుంచి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఇచ్చారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి నిలబడి ఉంటే ఆ తేమ కాలిపర్ల లోపలి ఇనుప గోడలను తినేస్తుంది, సీళ్లు కారడం మొదలవుతుంది. ఈ జబ్బు ఎంత మామూలైపోయిందంటే, కాలిపర్లకి లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు వేయడం ఒక ప్రత్యేక వ్యాపారంగానే నడిచింది. ఎండలో, వానలో తిరగని కార్లకే ఈ బెడద ఎక్కువ.

ఫైబర్ బాడీకి ఇంకో గొడవ కూడా ఉంది. దాంట్లో కరెంటు ప్రవహించదు కాబట్టి లైట్లకి, మీటర్లకి ఎర్త్ వైర్లు విడిగా లాగుతారు. ఆ కనెక్షన్లకి తేమ తగిలి చిలుము పడితే ఒక లైటు వెలుగుతుంది, ఇంకోటి మిణుకుమంటుంది. బల్బు మార్చి, ఫ్యూజు మార్చి అలసిపోయాక ఎవరో చెబితే ఆ వైరు గుర్తొస్తుంది.

కాబట్టి దాచడానికీ పద్ధతి ఉంది. ముందు అడుగు భాగం శుభ్రంగా కడగాలి. ఆయిల్ మార్చాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను లాక్కుంటుంది కనుక ట్యాంకు నిండా నింపి స్టెబిలైజర్ కలపాలి. బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించాలి. హ్యాండ్ బ్రేక్ వేయకుండా చక్రాలకి అడ్డు పెట్టాలి, లేకపోతే ప్యాడ్లు అంటుకుపోతాయి. వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలకే ఆపేసే అలవాటు మాత్రం వద్దు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీటి చెమ్మ చేరుతుంది. నడిపితే బాగా నడపండి, లేదంటే ముట్టుకోకండి.

గ్యారేజీలో తేమ 50 శాతం దగ్గర ఉంటే మంచిది. ఎక్కువైతే ఇనుముకి, మరీ తక్కువైతే లెదర్‌కి దెబ్బ. ఎలుకల సంగతి వేరే చెప్పాలా!

మిగతా కార్ల మాటేంటి?

ఇనుము లేని కారంటూ పాత రోజుల్లో దాదాపు లేదు. 1980ల మొదట్లో వచ్చిన డెలోరియన్‌కి పైన స్టెయిన్‌లెస్ స్టీల్ ప్యానెళ్లు. కింద ఫ్రేమ్ మాత్రం ఎపాక్సీ పూత వేసిన మామూలు స్టీలే. పూత ఒకచోట పగిలితే నీళ్లు దాని వెనక్కి చేరి అక్కడే మకాం వేస్తాయి. పోర్షే 911కి 1976 మోడల్ నుంచి జింకు పూత పూసిన బాడీ ఇచ్చారు. అందుకే అంతకు ముందు 911 కొనేటప్పుడు తుప్పు చూడటమే మొదటి పని. ఇటలీ కంపెనీ లాన్సియా కథ అయితే ఇంకా ఘోరం. బీటా మోడల్ తుప్పు వ్యవహారంలో 1980లో బ్రిటన్‌లో కార్లను కంపెనీయే వెనక్కి కొనాల్సి వచ్చింది. ఆ మచ్చ పోలేదు.. 1994లో లాన్సియా ఆ మార్కెట్ నుంచే తప్పుకుంది. 2014 నుంచి వచ్చిన కార్వెట్లన్నిటికీ అల్యూమినియం ఫ్రేమే. దానికి ఎర్ర తుప్పు పట్టదు, కానీ స్టీలు బోల్టు తగిలే చోట ఉప్పు నీరు చేరితే అల్యూమినియం కూడా తెల్లగా పొడి రాలుతుంది.

వాతావరణం నుంచి దాచిన కారు పూర్తి సేఫ్ అనుకోవడానికీ లేదు. 2014 ఫిబ్రవరి 12న కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ మ్యూజియం ఫ్లోర్ కింద నేల కుంగి 8 కార్లు గోతిలో పడ్డాయి. 10 లక్షలో నంబర్ కార్వెట్ కూడా వాటిలో ఉంది. తర్వాత దాన్ని బాగుచేశారు. 2022లో ఇయాన్ హరికేన్ వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఓ మెక్‌లారెన్ పీ1 గ్యారేజీలోంచే వరదలో కొట్టుకొచ్చిన దృశ్యాలు అందరూ చూశారు. వరద ముప్పు ఉన్న ఊళ్లో గ్రౌండ్ ఫ్లోర్ గ్యారేజీ కంటే ఎత్తైన పార్కింగే మేలు. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్‌లు నిండిపోవడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. మన రోడ్ల మీద ఉప్పు చల్లరు కాబట్టి ఆ బాధ లేదు. విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఉండేవాళ్లకి మాత్రం సముద్రపు గాలే ఆ ఉప్పును ఇంటికి తెచ్చిస్తుంది.

పాత కార్వెట్ కొనే ఆలోచన ఉంటే రంగు చూసి బేరం కుదుర్చుకోకండి. ఏ రాష్ట్రంలో తిరిగిందో అడగండి. కాళ్ల దగ్గరి పక్క ప్యానెళ్లు ఊడదీయించి టార్చ్ వేసి బాడీ మౌంట్లు చూడండి. ముందు అద్దం చుట్టూ ఉన్న మెరుపు పట్టీ తీయించి మూలలు చూడండి. వెనక చక్రం ముందు ఫ్రేమ్‌ను చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి స్టీలు ఖంగుమంటుంది. బొదబొదమని శబ్దం వస్తే ఓనర్ ఎంత తగ్గించినా అక్కడితో ఆపేసి వచ్చేయండి. ఇవేవీ చూడనివ్వను అని ఓనర్ అంటే.. సుత్తి అవసరం కూడా లేదు.