పట్టు వర్తకుల ఇంట్లో కొత్త కళ

తూర్పు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ఒకప్పుడు నేతగాళ్ల పేట. 1685లో పద్నాలుగో లూయీ ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేయడంతో హ్యూగెనాట్లనే ఆ ప్రొటెస్టెంట్లు వేలాదిగా వలస వచ్చారు. పట్టు నేయడం తెలిసినవాళ్లు ఇక్కడ మగ్గాలు వేసుకున్నారు.

ఆ మగ్గాలకు పోటీ మన తీరం నుంచి కూడా వెళ్లింది. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లోనే కొఠీ పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు, ఎన్ని ఉతుకులకైనా వెలవని ఆ పూలూ లతలూ ఇంగ్లండు ఆడవాళ్ల మనసు దోచాయి. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధికెక్కి, అద్దకం గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు. 1721లో పార్లమెంటు అలాంటి నూలు బట్టలు ధరించడాన్నే నిషేధించింది. పస్తులున్న నేతగాడి కోపం అర్థమవుతుంది. మన అద్దకంవాళ్ల పొట్ట సంగతి మాత్రం ఆ చట్టానికి పట్టలేదు.

1750లలో ఇద్దరు పట్టు వర్తకులు, నికొలస్ జోర్డెయిన్, ఫ్రాన్సిస్ రైబో, ఆ పేటలోనే ఆర్టిలరీ లేన్‌లోని 56, 58 నంబర్ల ఇళ్లను కళకళలాడేలా తిరగకట్టించుకున్నారు. 56 నంబరు అంగడి ముఖద్వారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లండన్‌లో ఆ కాలం నాటివి మిగిలినవే బహు కొద్ది.

తర్వాత పట్టు వ్యాపారం చితికింది. 1920లలో అక్కడి ఒక గది చెక్క నగిషీలను ఊడదీసి చికాగో మ్యూజియానికి తరలించారు. 1972లో ఇల్లు అగ్గిపాలైంది. వెళ్లిన నగిషీలు 1980లలో తిరిగొచ్చాయి.

2009లో అలెక్స్ సెయిన్స్‌బరీ ఇక్కడ సమకాలీన కళల గ్యాలరీ తెరిచి, ఆ వీధి పాత పేరే పెట్టారు: రావెన్ రో. తొలి ప్రదర్శన అమెరికన్ కళాకారుడు రే జాన్సన్‌ది. సిక్స్‌ఏ సంస్థ వాస్తుశిల్పులు నగిషీ గదులను అలాగే ఉంచి, వెనుక కొత్త గదులు చేర్చారు. కాలిన కలప రూపాన్ని పోత ఇనుములో దించి గోడకు తొడిగారు. పాత ఇంటిని బాగుచేసేటప్పుడు దానికి తగిలిన దెబ్బలను దాచనక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఇక్కడ ఆ పని చక్కగా జరిగింది.

గ్యాలరీ 2017లో మూతపడి, 2023లో మళ్లీ తెరుచుకుంది. అప్పటి ప్రదర్శన 1970లలో మామూలు జనం బీబీసీ కోసం తయారుచేసిన కార్యక్రమాల మీద.

లండన్‌లోని తెలుగువాళ్లు ప్రదర్శన నడిచే రోజుల్లో తప్పక వెళ్లి చూడాలి. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నడిచే దూరమే. ప్రవేశం ఉచితం.