పుచ్చకముందే పూత

ఆరేళ్ల వయసులో పిల్లల నోట్లో ఒక పన్ను చడీచప్పుడూ లేకుండా మొలుస్తుంది. పాలపళ్ళ వరుస చివర, పైన రెండు పక్కలా, కింద రెండు పక్కలా వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా ‘ఎలాగూ ఊడిపోయేదే కదా’ అని వదిలేస్తారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన మొదటి శాశ్వత దవడపన్ను. పిప్పి పట్టే ముప్పు ఎక్కువగా ఉన్న పళ్ళలో అదీ ఒకటి.

ఆ ముప్పు దాని ఆకారంలోనే ఉంది. నమిలే తలం మీద చిన్న గుంటలు, లోతైన గాడులు ఉంటాయి. కొన్ని గాడులు ఎంత ఇరుకంటే టూత్‌బ్రష్‌లోని ఒక్క పోచ కూడా లోపలికి దూరదు. బ్యాక్టీరియా, తీపి పదార్థాలు మాత్రం హాయిగా దూరుతాయి. బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పన్ను పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాన్ని ఆ ఆమ్లం కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గాడి అడుగున ఎనామిల్ పల్చగా ఉంటుంది కాబట్టి పుచ్చు త్వరగా లోపలి పొరకు చేరుతుంది. పైనుంచి చూస్తే చిన్న నల్లగీత తప్ప ఏమీ కనపడదు.

పళ్ళను తొలిచేది పంటిపురుగు అని జనం తరతరాలుగా నమ్మారు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలబీ మిల్లర్ 1890లో అచ్చయిన తన పుస్తకంలో అసలు దోషిని చూపించాడు. నోట్లోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరను పులియబెట్టి పుట్టించే ఆమ్లమే పన్నును పాడుచేస్తుందని ప్రయోగాలతో వివరించాడు. కారణం తెలిసింది. పుచ్చు ఎక్కువగా గాడుల్లో మొదలవుతుందనీ దంతవైద్యులకు తెలుసు. తెలియనిదల్లా దాన్ని ఆపే మార్గం.

అప్పట్లో వాళ్ళ చేతిలో ఉన్న ప్రధాన సాధనం డ్రిల్లు. ఆధునిక దంతవైద్యానికి పునాదులు వేసిన జి.వి. బ్లాక్, పుచ్చిన భాగంతోపాటు పక్కనున్న గాడులను కూడా తొలిచి నింపాలని బోధించాడు. 1923లో థాడియస్ హయట్ అనే దంతవైద్యుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. పుచ్చేదాకా ఆగడం ఎందుకు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే గాడులను తొలిచి నింపేద్దాం అన్నాడు. రేపు పెద్ద గొయ్యి తవ్వేకంటే ఈరోజు చిన్నగా కోయడం మేలన్నది అతని వాదన. 1929లో చార్లెస్ బోడెకర్ అనే మరో దంతవైద్యుడు ఇంకో పద్ధతి చెప్పాడు. ఇరుకు గాడిని కాస్త వెడల్పు చేస్తే బ్రష్ అందుతుంది, నింపే అవసరం కూడా ఉండదన్నాడు.

ముగ్గురూ పన్నును కాపాడాలనే చూశారు. కానీ ఒకసారి కోసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. నింపిన సిమెంటు ఏదో ఒకరోజు వదులవుతుంది, మళ్ళీ కోసి మళ్ళీ నింపాలి. ప్రతిసారీ అసలు పన్ను కొంత తరుగుతూనే ఉంటుంది.

కోయకుండా గాడిని మూసేద్దామని చూసినవాళ్ళూ లేకపోలేదు. 1895 నాటికే గాడుల్లో సిమెంటు పెట్టి చూశారు, అది నిలవలేదు. వెండి నైట్రేటు పూశారు, ఆశించిన ఫలితం రాలేదు. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో కొద్ది మోతాదులో ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. పిల్లల పళ్ళ పుచ్చు బాగా తగ్గింది. అయితే ఆ మేలు నున్నటి పక్కభాగాలకు దక్కినంతగా గాడులకు దక్కలేదు.

అసలు చిక్కు అంటుకోవడం దగ్గర ఉంది. ఎనామిల్ నున్నగా ఉంటుంది. నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది. వేడి కాఫీ, చల్లటి నీళ్ళు, రోజంతా నమిలే ఒత్తిడి, అన్నీ ఆ పన్ను మీదే. వీటన్నిటినీ తట్టుకుని నిలిచే పూత ఏది?

జవాబు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో దొరికింది. కొడాక్ కంపెనీ స్థాపించిన జార్జ్ ఈస్ట్‌మన్ పిల్లల పళ్ళ వైద్యం కోసం అక్కడ ఒక డిస్పెన్సరీ కట్టించాడు. అందులో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు పరిశోధన చేసేవాడు. కర్మాగారాల్లో లోహానికి రంగు వేసేముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తారని, అలా చేస్తే రంగు గట్టిగా పట్టుకుంటుందని అతనికి తెలుసు. లోహానికి పనికొచ్చినది పన్నుకు ఎందుకు పనికిరాదు?

అతని ప్రయోగం చాలా తేలికైనది. ముందుపళ్ళ మీద 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని అర నిమిషం ఉంచి కడిగేశాడు. ఆరబెట్టి, ఒక చుక్క యాక్రిలిక్ రెజిన్ పెట్టాడు. ఆమ్లం పూయని పళ్ళ మీద కూడా అలాంటి చుక్కలే పెట్టాడు. ఆమ్లం తగలని పళ్ళ మీది చుక్కలు గంటల్లోనే రాలిపోయాయి. ఆమ్లం తగిలినవాటి మీద వారాల తరబడి నిలిచాయి. ఈ ఫలితాలను 1955లో ప్రచురించాడు. గాడులను మూసి పుచ్చును ఆపడానికి ఈ పద్ధతి పనికిరావచ్చని ఆ వ్యాసంలోనే సూచించాడు.

అది ఎలా జరిగిందో తర్వాత సూక్ష్మదర్శినిలో తేలింది. ఆమ్లం ఎనామిల్ పైభాగంలో కంటికి కనపడని కోట్లాది సూక్ష్మరంధ్రాలు చేస్తుంది. జారుగా ఉన్న రెజిన్ వాటిలోకి దిగి గట్టిపడి, వేళ్ళూనినట్టు పట్టుకుంటుంది. కాంక్రీటు స్తంభానికి ప్లాస్టరింగు చేసేముందు మేస్త్రి సుత్తితో గాట్లు పెట్టేదీ ఇందుకే. పన్నును నాశనం చేసే ఆమ్లాన్నే క్షణాల లెక్కన, కొలతగా వాడి పన్నును కాపాడడం బ్యూనోకోర్ చేసిన గొప్ప పని. పన్ను మీద కావాలని ఆమ్లం పూయడమేమిటని వెనకాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పద్ధతిని వృత్తి మొత్తం ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది.

అంటించే దారి దొరికింది, ఇక సరైన పదార్థం కావాలి. 1967లో క్యూటో అనే పరిశోధకుడు, బ్యూనోకోర్ కలిసి సయనోఅక్రిలేట్‌తో పిల్లల గాడులను మూశారు. ఇప్పుడు మనం ఇళ్ళలో వాడే సూపర్ గ్లూ కుటుంబానికి చెందిన పదార్థమే అది. ఏడాది తర్వాత చూస్తే పుచ్చు 86 శాతం తగ్గింది. కానీ నోటి తడిలో ఆ జిగురు క్రమంగా చెడిపోయేది. అప్పటికే వాషింగ్టన్‌లో రే బోవెన్ అనే పరిశోధకుడు బిస్-జీఎంఏ అనే గట్టి రెజిన్‌ను తయారుచేసి 1962లో పేటెంట్ పొందాడు. 1970లో బ్యూనోకోర్ ఆ రకం రెజిన్‌ను గాడుల్లో పోసి, అతినీలలోహిత కాంతితో గట్టిపరిచాడు. ఆ దారిలోనే నువా-సీల్ అనే సీలెంట్, అంటే గాడులను మూసే పూత, మార్కెట్లోకి వచ్చింది. తర్వాత అతినీలలోహిత కాంతి స్థానాన్ని ఇప్పుడు క్లినిక్కుల్లో కనిపించే నీలికాంతి తీసుకుంది.

కొత్త భయం ఒకటి ఎదురైంది. గాడి అడుగున కంటికి ఆనని పుచ్చు అప్పటికే మొదలై ఉంటే? పైన మూత వేస్తే లోపల్లోపలే పన్నంతా పాడవదా? ఈ సందేహంతో చాలామంది దంతవైద్యులు సీలెంట్ జోలికి పోలేదు. రోచెస్టర్‌లోనే స్టాన్లీ హ్యాండెల్‌మన్ బృందం 1970లలో దీన్ని పరీక్షించింది. పుచ్చు మొదలైన గాడులను మూసి, తర్వాత తెరిచి చూశారు. లోపలి బ్యాక్టీరియా పెరగకపోగా బాగా తగ్గిపోయింది. తిండి అందక చచ్చిపోతోందన్నమాట. మూత చెక్కుచెదరనంతకాలం చిన్న పుచ్చు అక్కడితో ఆగిపోతుంది.

1983 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను సమావేశపరిచాయి. సీలెంట్ సురక్షితం, బాగా పనిచేస్తుంది, కానీ జనం తగినంతగా వాడుకోవడం లేదని వాళ్ళు తేల్చారు. 1991లో రిచర్డ్ సైమన్సన్ అనే దంతవైద్యుడు సీలెంట్ మీద పదిహేనేళ్ల ఫలితాలు ప్రచురించాడు. ఒక్కసారే సీలెంట్ వేసిన మొదటి దవడపళ్ళలో పుచ్చినవి లేదా సిమెంటు పెట్టాల్సి వచ్చినవి 31 శాతం. వేయనివాటిలో 83 శాతం.

ఇప్పుడు ఒక పన్నుకు సీలెంట్ వేయడానికి కొద్ది నిమిషాలు చాలు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు మోత లేదు. డాక్టరు పన్నును శుభ్రం చేసి, దూది చుట్టలు పెట్టి ఉమ్మి తగలకుండా చూస్తారు. జెల్ రూపంలో ఉన్న ఆమ్లాన్ని కొన్ని సెకన్లు ఉంచి కడుగుతారు. ఆరబెడితే ఆ చోటు సుద్దముక్క రంగులోకి మారుతుంది. అప్పుడు పల్చటి రెజిన్‌ను గాడుల్లోకి పారించి నీలికాంతి పడేలా చేస్తారు, అది గట్టిపడుతుంది. ఈ పనిలో పన్నును పొడిగా ఉంచడమే ప్రాణం. రెజిన్ పోసేలోపు ఉమ్మి తగిలితే ఆ సూక్ష్మరంధ్రాలు పూడిపోయి పూత తొందరగా ఊడుతుంది. పన్ను ఇంకా పూర్తిగా బయటికి రాని పిల్లలకు, నోరు ఆరబెట్టడం కష్టమైన చోట, తేమను తట్టుకునే గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు వాడతారు.

సీలెంట్ నమిలే తలాన్నే కాపాడుతుంది. రెండు పళ్ళ సందున వచ్చే పుచ్చును ఆపదు. రెండుపూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోమడం, తీపి తగ్గించడం మామూలే. పూత అరిగిందేమో అప్పుడప్పుడు చూపించుకుని, అవసరమైతే మళ్ళీ వేయించాలి.

మన ఇళ్ళల్లో పళ్ళ డాక్టరు గుర్తొచ్చేది నొప్పి పుట్టాకే. అప్పటికి సిమెంటో, రూట్ కెనాలో, పీకించడమో తప్పదు. మీ బిడ్డ ఒకటో తరగతిలో ఉంటే ఈ ఆదివారం వెలుతురులో నోరు తెరిపించి చూడండి. చివర కొత్తగా మొలిచిన పెద్ద పన్ను కనపడితే, నొప్పి కోసం ఎదురుచూడకుండా తీసుకెళ్ళి, దీనికి సీలెంట్ అవసరమా అని అడగండి. పన్నెండో ఏట రెండో దవడపన్ను వచ్చినప్పుడు మళ్ళీ అడగండి. ఆరోగ్యంగా ఉన్న పన్నును కోయకుండా కాపాడే దారి దొరికి అర్ధశతాబ్దం దాటింది. అది మన పిల్లలకు అందాలంటే పుచ్చకముందే మనం అడగాలి.