నిద్రలో పండ్లు కొరుకుట: కారణాన్వేషణ చరిత్ర

తెలుగుభాషలో పండ్లు కొరుకుట యనగా కోపమునకు గుర్తు. భారతశ్రవణము చేసిన వారందరికిని భీమసేనుడు పండ్లు పటపట కొరికిన ఘట్టములు తెలిసినవే. కాని పగ తీర్చుకొనవలసిన శత్రువెవ్వడును లేని పసివాడు ఆదమరచి నిద్రించుచు, ప్రక్కగదిలోని వారికి వినబడునట్లు పండ్లు నూరుచుండును. తెల్లవారి అడిగినచో వానికేమియు తెలియదు. ఈ కోపమెవరిపైన? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో వైద్యలోకము రెండువేల యేండ్లకు పైగా గడిపినది. అందులో ఇరువదవ శతాబ్దమున చాలకాలము త్రోవతప్పి, ఎందరివో దృఢమైన దంతములను నష్టపరచినది.

ప్రాచీన గ్రీకులు దీనిని జ్వరలక్షణములలో చేర్చిరి. హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో రోగము ఏ దారి పట్టునో ముందుగా చెప్పు గ్రంథమొకటి కలదు. జ్వరమున రోగి పండ్లు కొరికినచో అది ఉన్మాదమునకును మరణమునకును సూచన యని అందున్నది. కాని చిన్ననాటినుండి ఆ యలవాటున్న వారికిది వర్తింపదను మినహాయింపును గూడ ఆ గ్రంథకర్తయే చేర్చెను. నన్ను మిక్కిలి ఆకర్షించునది ఆ మినహాయింపే. ఏ రోగమును లేకయే బాల్యమునుండి పండ్లు కొరుకువారు కొందరుందురని ఆయన అప్పుడే గమనించెనన్నమాట. మనదేశమున వాగ్భటుడు అష్టాంగహృదయమున బాలగ్రహముల లక్షణములు చెప్పుచు, పెదవులను పండ్లను కొరుకుకొనుటను వానిలో పేర్కొనెను. తరువాత గ్రహముల స్థానమును పురుగులు ఆక్రమించినవి. పిల్లవాడు రాత్రి పండ్లు కొరికినచో కడుపులో నులిపురుగులున్నవని మన యిండ్లలో పెద్దవారు నేటికిని చెప్పుదురు. ఇతర దేశములలోను ఈ నమ్మకము కలదు. పురుగులున్నచో మందు వేయవలసినదే. కాని పండ్లు కొరుకుట యొక్కటే వానికి సాక్ష్యము కాజాలదు.

ఈ విషయము దంతవైద్యుల చేతికి వచ్చినది 1901 ప్రాంతమున. వియన్నా నగరమున మోరిట్జ్ కారోల్యీ అను వైద్యుడు, చిగుళ్లు చెడుటకు రాత్రివేళ పండ్లు నూరుటయే కారణమని వాదించి, పండ్లపై తొడుగు అమర్చుమని సూచించెను. 1907లో ఫ్రాన్సుదేశమున మారీ, పియెట్కీవిచ్ అను ఇరువురు దీనికి 'బ్రుక్సోమానీ' యని నామకరణము చేసిరి. 1931లో ఫ్రోమన్ అను అమెరికా వైద్యుడు 'బ్రక్సిజమ్' అనెను. పండ్లు కొరుకుట యను గ్రీకు పదమే రెండింటికిని మూలము. ఆనాడు మనస్తత్వశాస్త్రము వెలుగుచున్నది గనుక, పగటిపూట అణచుకొన్న క్రోధము రాత్రి దవడలలో బయటపడుచున్నదని కొందరు తేల్చిరి. మన నుడికారము గూడ ఆ మాటయే చెప్పును గదా! పాపము, రోగికి నొప్పితోపాటు కోపిష్ఠి యన్న పేరును దక్కినది.

మరికొందరు దోషమును దంతములకే అంటగట్టిరి. పై పన్ను క్రింది పన్ను సరిగా కలియనిచోట ఎత్తుపల్లములుండును, నిద్రలో దవడ ఆ యెత్తును అరగదీయజూచును అని వారి వాదము. 1961లో మిచిగన్ విశ్వవిద్యాలయాచార్యుడు సిగుర్డ్ రామ్‌ఫ్యోర్డ్ కండరముల విద్యుత్తును కొలిచి, ఎత్తులను సవరించినచో పండ్లనూరుడు మానునని ప్రకటించెను. ఆ మాటకు గొప్ప గౌరవము లభించినది. కాని ఆయన చికిత్స చేసినవారితో పోల్చిచూచుటకు చికిత్స పొందనివారి జట్టు లేదు. ఆ కొలతలు నిద్రలో తీసినవియు కావు. అయినను పండ్లు అరిగిపోవుచున్నవని వచ్చిన రోగి పండ్లను వైద్యుడే మరికొంత అరగదీయుట ఆచారమైనది. పంటిపైనుండు పింగాణీపొర శరీరములోనెల్ల గట్టి పదార్థము. ఒకసారి పోయినచో మరల పెరుగదు.

1984లో టెక్సాసులో రూ, బర్ఘీ, డ్రాగో అను మువ్వురు ఈ సిద్ధాంతమును తలక్రిందులు చేసి పరీక్షించిరి. పండ్లు నూరు అలవాటున్నవారికి బుద్ధిపూర్వకముగా ఎత్తైన తొడుగులను అమర్చిరి. సిద్ధాంతము నిజమైనచో నూరుడు పెరుగవలెను. కాని అత్యధికులలో అది తగ్గినది!

దోషము పంటిది కానిచో మరి దేనిది? సమాధానము నిద్రాశాస్త్రమునుండి వచ్చినది. జర్మనీలో హాన్స్ బెర్గర్ మానవుని మెదడులోని విద్యుత్తరంగములను గూర్చి 1929లో ప్రకటించెను. శ్రోతలలో పెద్దవారికి రేడియోపెట్టెలో ఎఱ్ఱగా వెలుగు వాల్వులు జ్ఞాపకముండును. ఆ వాల్వులే తరువాతి కాలమున మెదడులోని అత్యల్ప విద్యుత్తును పెద్దదిచేసి కాగితముపై గీయించినవి. 1964లో షికాగో పరిశోధకులు నిద్రలోని పండ్లనూరుడును ఇట్లే నమోదుచేసి సైన్స్ పత్రికలో వెల్లడించిరి. తరువాత కెనడాలో మాంట్రియల్ నగరమున జిల్ లావీన్ బృందము అనేక సంవత్సరములు శ్రమించి ఆ క్షణముల క్రమమును పట్టుకొన్నది. మనము నిద్రించునప్పుడు మెదడు గంటకు అనేకసార్లు కొన్ని క్షణములపాటు మేల్కొనబోయి మరల నిద్రలోనికి జారును. పండ్లు కొరుకుటకు కొన్ని నిమిషములు ముందే హృదయమును నడుపు నాడీవ్యవస్థ చురుకెక్కును; కొన్ని సెకండ్ల ముందు మెదడు తరంగములు వేగమందును; ఆపైన గుండె వడిగా కొట్టుకొనును; చివరకు దవడ కదలును. పండ్లు రాచుకొనుట ఆ వరుసలో ఆఖరుది. పండ్లు కొరుకనివారిలో గూడ నూటికి 60 మందికి నిద్రలో దవడకండరము నమలుచున్నట్లు లయగా కదలుచుండునని ఆ బృందమే కనుగొన్నది. పండ్లు కొరుకువారిలో అది తరచుగను బలముగను జరుగును.

2018లో వివిధదేశముల నిపుణులు కూడి, ఆరోగ్యవంతులలో ఇది వ్యాధి కాదు, కండరముల చేష్ట మాత్రమే యనిరి. హాని కలిగినప్పుడే చికిత్స అక్కరయగును. కారోల్యీనాటి తొడుగు నేటికిని నిలిచియున్నది గాని, దాని పని పంటిని కాపాడుటయే. నూరుడు మానునన్న హామీ లేదు. బొటులినమ్ మందు సూదివలన కండరముల బలము తగ్గును. మద్యము, పొగ, అతిగా కాఫీ, మనోవ్యాకులతకు వాడు కొన్ని మందులు దీనితో ముడిపడియున్నవి. అట్టి మందులను వైద్యుని అడుగక మానరాదు. ఉదయము దవడలు బిగిసి తలనొప్పితో లేచువారు దంతవైద్యుని చూడవలెను. గురకపెట్టుచు మధ్యమధ్య ఊపిరి ఆగువారు నిద్రను పరీక్ష చేయించుకొనవలెను. పండ్లను సమముచేసెదమని రాపిడికి దిగువారిని మాత్రము కారణమడుగుడు. ఇక పసివాని సంగతి: పెద్దలకంటె పిల్లలలోనే ఈ యలవాటు ఎక్కువ. వారిలో చాలమందికి ఎదిగినకొలది తనంత తానే తగ్గును, అరిగిన పాలపండ్లును ఎట్లును ఊడిపోవునవే.