పాఠశాల కౌన్సెలర్: పదవి చరిత్ర, బాధ్యతలు

పాఠం చెప్పకుండా, మార్కులు వేయకుండా, శిక్షించకుండా విద్యార్థి చదువులోనూ మనసులోనూ ఎదురయ్యే ఇబ్బందులను విని దారి చూపేందుకు బడిలో ఉండే శిక్షణ పొందిన ఉద్యోగి పాఠశాల కౌన్సెలర్. చేయకూడని పనులతో నిర్వచనం మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ పదవి పుట్టి నూరేళ్లు దాటింది. ఇన్నేళ్లలో దాన్ని పోషించినవారు తమ అవసరాన్ని దాని మీద మోపుతూనే వచ్చారు. పరిశ్రమకు పనివాళ్లు కావాలన్నప్పుడు ఉద్యోగం చూపించమన్నారు, దేశరక్షణకు శాస్త్రవేత్తలు కావాలన్నప్పుడు తెలివైన పిల్లలను ఏరి ఇమ్మన్నారు. పిల్లవాడి మీద ఏ అధికారమూ లేని పెద్దమనిషి బడిలో ఒకరుండాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ పదవికి అసలు బలం మాత్రం అదే.

1907లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో హైస్కూలు ప్రిన్సిపాల్‌గా ఉన్న జెస్సీ డేవిస్, ఇంగ్లిషు వ్యాసరచన తరగతుల్లో వృత్తుల గురించి, నడవడిక గురించి రాయించడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో ఒకేషన్ బ్యూరో తెరిచారు. పల్లెల నుంచి, పరదేశాల నుంచి వచ్చిపడిన కుర్రకారుకు పని వెతికిపెట్టడం దాని ఉద్దేశం. తనను తాను తెలుసుకోవడం, వృత్తులను తెలుసుకోవడం, రెంటినీ తర్కించి జత కలపడం అన్నవి ఆయన చెప్పిన మూడు మెట్లు. ఈ రోజు పదో తరగతి పిల్లల చేత పూరింపజేసే కెరీర్ పరీక్షలకు మూలం ఇక్కడే ఉంది. అయితే అదే పార్సన్స్, కుర్రవాడు ప్రశ్నలకు జవాబు చెబుతుండగా అతని తల ఆకారాన్ని కూడా గమనించేవారు! మనిషిని కొలిచి చోటు చూపించవచ్చన్న ధీమా ఈ వృత్తికి పుట్టుకతోనే వచ్చింది. 1942లో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ పుస్తకం వెలువడ్డాకే కొలవడం కంటే వినడానికి విలువ పెరిగింది.

అమెరికాలో ఈ పదవికి ఊపు తెచ్చింది మాత్రం ఒక ఉపగ్రహం. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. 1958లో అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి, ప్రతిభ గల విద్యార్థులను పరీక్షలతో గుర్తించడానికి, కౌన్సెలర్ల శిక్షణకు డబ్బు కుమ్మరించింది. పోస్టులు వచ్చాయి గానీ పని కలగాపులగమైంది. అక్కడి పాఠశాల కౌన్సెలర్ల సంఘం 250 మంది పిల్లలకు ఒకరుండాలని చెబుతుంటే, దేశ సగటు చాలా ఏళ్లు 400 దాటి ఉండేది. ఆ ఒక్కరికీ పరీక్షల ఏర్పాట్లు, ఆలస్యంగా వచ్చినవాళ్ల చీటీల మీద సంతకాలు, సెలవు పెట్టిన టీచరు క్లాసు చూసుకోవడం అంటగట్టేవారు. ఇవి కౌన్సెలర్‌కు తగని పనులని ఆ సంఘం జాబితా రాసి మరీ చెప్పాల్సి వచ్చింది.

భారతదేశంలో 1938లో కలకత్తా విశ్వవిద్యాలయం అనువర్తిత మనస్తత్వశాస్త్ర విభాగం వృత్తి మార్గదర్శక పనికి పూనుకుంది. 1952–53లో సెకండరీ విద్యా కమిషన్ బడుల్లో మార్గదర్శక అధికారులు, కెరీర్ మాస్టర్లు ఉండాలంది. దాని అధ్యక్షుడు లక్ష్మణస్వామి మొదలియార్ మన కర్నూలులో పుట్టినవారే. 1954లో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శక సంస్థ ఏర్పడింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ అందరికీ అందే కనీస ఏర్పాటుగా పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార కౌన్సెలర్‌ను సూచించింది. పది బడులకు ఒకరంటే లెక్కకు ఉన్నట్టే గాని పిల్లవాడికి అందినట్టు కాదు. ఆ మాత్రం ఏర్పాటు కూడా చాలా చోట్ల కాగితం దాటలేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా కౌన్సెలర్ల ప్రస్తావన చేసింది.

ఇక బాధ్యతల సంగతి. కౌన్సెలర్ పనిలో ఎక్కువ భాగం నలుగురిలో జరిగేదే. పరీక్ష భయం, స్నేహాలు, ఏడిపింపులు, ఫోను వ్యసనం వంటి వాటిపై తరగతులతో మాట్లాడాలి. ఒకే రకం ఇబ్బంది ఉన్న నలుగురైదుగురిని కూర్చోబెట్టుకోవాలి. ఒంటరిగా వచ్చినవారిని విడిగా వినాలి. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ తప్ప లోకం లేదనుకునే ఇంటికి పాలిటెక్నిక్, ఐటీఐ, సీఈసీ దారులను కూడా వివరించాలి. వైద్యం అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. రోగ నిర్ధారణ, మందులు కౌన్సెలర్ పరిధిలోనివి కావు. చెప్పిన మాట గుట్టుగా ఉంచాలి, కానీ ఆ గుట్టుకు హద్దుంది. పిల్లవాడికి గాని మరొకరికి గాని ప్రాణాపాయం ఉందనిపిస్తే బాధ్యులకు తెలపాలి. లైంగిక వేధింపు బయటపడితే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. ఈ హద్దును పిల్లవాడు నోరు విప్పకముందే అతనికి చెప్పడం మంచి కౌన్సెలర్ లక్షణం.

ఇదంతా మంచి టీచరు ఎప్పటినుంచో చేస్తున్నదే కదా, వేరే మనిషి ఎందుకు అన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. కొందరు ఉపాధ్యాయులు నిజంగానే చేశారు. దాన్నే వ్యవస్థగా మార్చితే ఏమవుతుందో బీహార్‌లోని నలందా జిల్లాలో పరీక్షించి చూశారు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలది. కొన్ని బడుల్లో శిక్షణనిచ్చిన స్థానిక యువతీ యువకులను, కొన్నింటిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులను ఒకే కార్యక్రమానికి నియమించారు. గోడపత్రిక, పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టె, అసెంబ్లీలో మాటలు, విడి సంభాషణలు అందులో ఉన్నాయి. బయటినుంచి వచ్చినవారున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, దిగులు, ఏడిపింపులు, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపినచోట, ఈ కార్యక్రమం లేని బడులతో పోల్చినా తేడా లేదు. దీనికి టీచర్ల పనిభారం ఒక కారణం కావచ్చు. నా దృష్టిలో అంతకంటే పెద్దది, లెక్కల్లో తప్పినందుకు ఉదయం నిలబెట్టిన మనిషి దగ్గరే మధ్యాహ్నం మనసు విప్పమనడం.

ఖర్చు భరించలేమనేవారికి కూడా నలందాలో సగం జవాబు దొరుకుతుంది. అక్కడ పనిచేసినవారు పెద్ద డిగ్రీల మనస్తత్వ నిపుణులు కారు. అయితే వారికి శిక్షణ, పర్యవేక్షణ గట్టిగా ఉన్నాయి. అవి లేకుండా తక్కువ జీతానికి ఎవరో ఒకరిని కూర్చోబెట్టడం దీని నుంచి నేర్చుకోవాల్సిన పాఠం కాదు. మామూలు బాల్యపు దిగుళ్లను జబ్బులుగా మారుస్తారన్న భయం ఇంకొకటి. దాన్ని కొట్టిపారేయలేం. 2022లో వెలువడిన ఒక పెద్ద బ్రిటిష్ అధ్యయనంలో, టీచర్ల చేత తరగతి మొత్తానికి చెప్పించిన ధ్యాన పాఠాల వల్ల పిల్లల మానసిక ఆరోగ్యానికి మేలేమీ కనిపించలేదు. అందుకే అందరికీ ఒకే మందు వేసే పాఠాల కంటే, అవసరమైనప్పుడు తట్టగలిగే తలుపు ఒకటి ఉండటం ముఖ్యం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు పదును ఎక్కువ. ఫలితాలు రాకముందే పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరిగి సీట్లు నింపే కార్పొరేట్ కాలేజీల్లో, వారాంతపు పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మారిపోతుంటాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్, మనస్తత్వ నిపుణుడు లేదా సామాజిక కార్యకర్తను నియమించాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచులు విడదీయరాదు. నియామకం జరిగిందా అన్నది అధికారులు తనిఖీ చేయగలరు. ఆ మనిషికి అడ్మిషన్ల టార్గెటో, హాస్టల్ క్రమశిక్షణో అప్పగించారా అన్నది మాత్రం తల్లిదండ్రులే అడిగి తెలుసుకోవాలి. కౌన్సెలర్ లేని చోట ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉంది. దానికి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.