కాలింది దొంగ కాదు

ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు పుట్టే ప్రశ్న "ఏమైంది?" అని కాదు, "ఎవరు ముట్టుకున్నారు?" అని. మా ఇంట్లో దానికి జవాబు కూడా సిద్ధంగానే ఉండేది. "ఇంకెవరు, కోడలే!"

1987లో ఒక శనివారం సాయంత్రం మా టీవీలో బొమ్మ పోయింది. పూర్తిగా పోయిందా అంటే అదీ కాదు. తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత మిగిలింది. మాటలు మాత్రం భేషుగ్గా వినిపిస్తున్నాయి. తెల్లారితే ఆదివారం, పొద్దున్నే రామాయణం. విశాఖపట్నం వన్‌టౌన్‌లో మా వీధి మొత్తానికి ఉన్నవి రెండే టీవీలు. చాపలు పట్టుకుని వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలని మా అత్తగారి దిగులు. ఆ మధ్యాహ్నం తడిగుడ్డ పెట్టి టీవీ పెట్టె తుడిచింది నేనే. ఇంకేం, నేరం రుజువైపోయింది!

కథ తర్వాత చెబుతాను. ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

పాత రేడియోల కాలంలో జబ్బు కనుక్కోవడం కొంత తేలిక. లోపల గాజు వాల్వులుండేవి. వెనక అట్ట తీసి చూస్తే, బతికున్న వాల్వులో దీపపు వత్తిలా ఎర్రగా వెలుగు కనబడేది. వెలగనిదాన్ని పీకి కొత్తది గుచ్చితే చాలాసార్లు పాట వచ్చేసేది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. అవి వెలగవు. బతికున్నదీ చచ్చినదీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. అక్కడి నుంచి మెకానిక్కు కళ్ళతో పాటు బుర్ర కూడా వాడవలసి వచ్చింది.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1975-76లో ఒక ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు పంపించారు. అందులో మన రాష్ట్రమూ ఒకటి. కోళ్ళగూటికి కొట్టే వలలాంటి జాలీతో యాంటెన్నా గిన్నెలు చేసి పెట్టారంటే నమ్ముతారా? ఆ పల్లెటూళ్ళ టీవీలు తయారైంది హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో. గోదావరి జిల్లా నుంచి వెళ్ళిన ఎ.ఎస్. రావుగారు 1967లో ఆ సంస్థకి ప్రాణం పోశారు. "ఈసీ టీవీ" పేరు ఆ రోజుల్లో తెలియని ఇల్లు లేదు. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. ఆ తర్వాత ఊరూరా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. మన కైలాసగిరి మీద టవరు చూసి, శివుడి పక్కన ఇదేం స్తంభమని పిల్లలు అడిగేవారు.

టీవీలొచ్చాయి సరే, బాగుచేసే డాక్టర్లెవరు? మొదట్లో రేడియో మెకానిక్కులే, ఆ వెనక ఐటీఐలో చదివిన కుర్రాళ్ళు. నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యుడిలా, మంచి మెకానిక్కు మూత విప్పకముందే తెర చూసి సగం చెప్పేసేవాడు. బొమ్మా లేదు, మాటా లేదు అంటే ముందు ఫ్యూజు, కరెంటు అందించే భాగం చూడాలి. మాట ఉండి తెర చీకటిగా ఉంటే పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులు పంపే ట్రాన్స్‌ఫార్మరు వైపు చూడాలి. బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోతే లోపల వోల్టేజి తగ్గిందన్నమాట. మరి మా ఇంటి తెల్లగీత? మన టీవీ పద్ధతిలో బొమ్మంటే పైనుంచి కిందికి పేర్చిన 625 గీతలు. వాటిని పైకీ కిందికీ పరిచే భాగం పడిపోతే, పరవని చాపలా అన్నీ ఒక్కచోటే కుప్పపడతాయి. ఆ కుప్పే తెల్లగీత.

ఇక విశాఖ టీవీలకి ఊరి జబ్బులు అదనం. సముద్రపు గాలిలో ఉప్పు, తేమ. పోర్టు పక్కన ఉండే మాబోటివాళ్ళకి ఎగుమతి ఖనిజపు ఎర్రదుమ్ము. పొద్దున్న ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగవుతుందో వన్‌టౌన్ ఇల్లాళ్ళని అడగండి! టీవీ లోపలి హైవోల్టేజి ఆ దుమ్ముని దగ్గరికి లాక్కుంటుంది. దాని మీద ఉప్పు తేమ చేరితే, వానాకాలం రాత్రుళ్ళు వెనకాల బుస్సుమని చప్పుడు, నీలం మెరుపులూను. టంకం వేసినచోట తుప్పు, బోర్డు మీది రాగి దారులకి ఆకుపచ్చ చిలుము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక, తడిసిన బోర్డుల్ని స్పిరిటుతో కడిగి ఎండలో వడియాల్లా ఆరబెట్టడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు మా కథ. ఆ రాత్రే ఒక మెకానిక్కు వచ్చాడు. మూత తీయగానే నల్లగా మాడిన రెసిస్టరు కనబడింది. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. దాని ఒంటి మీద గాజుల్లా రంగు గీతలుంటాయి. ఒక్కో రంగుకి ఒక్కో అంకె. నలుపు సున్నా, గోధుమరంగు ఒకటి, ఎరుపు రెండు, అలా తెలుపు తొమ్మిది. పసుపు, ఊదా, ఎరుపు వరసగా ఉంటే 4,700 ఓములని చదువుకోవాలి. మాడిపోతే గాజులు చెరిగిపోతాయి కనక సర్క్యూట్ కాగితం చూసి కొత్తది వేశాడు. బొమ్మ వచ్చింది. మర్నాడు రామాయణం సగంలో ఉండగా మాడువాసన, మళ్ళీ తెల్లగీత! చాపల మీదివాళ్ళంతా నావైపే చూశారు. ఆయన మళ్ళీ వచ్చి, "లాభం లేదమ్మా, బోర్డు మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. ఆయన చెప్పిన ధర మావారి జీతంలో సగం. ఆ నెల ఆడపడుచు పురిటికి దాచిన డబ్బు అది.

సోమవారం మావారి స్నేహితుడు ఒక కుర్రాణ్ణి పంపారు. గాజువాక అవతలి ఊరు. వాళ్ళ భూమి ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోయింది. ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఈ పని నేర్చుకున్నాడట. వచ్చి ఏదీ ముట్టుకోలేదు. "అమ్మగారూ, పెట్టిన ఎంతసేపటికి పోయిందండి?" అని అడిగాడు. ఆ రెండు రోజుల్లో నన్ను ఒకరు ప్రశ్న అడిగి జవాబు వినడం అదే మొదలు. "అరగంట బాగానే ఉంది నాయనా, వేడెక్కాక పోయింది" అన్నాను.

"అలా చెప్పండి!" అన్నాడు. టీవీ ఆపినా పిక్చర్ ట్యూబులో కరెంటు దాగి ఉంటుందని చెప్పి పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టాడు. మాడిన రెసిస్టరు కేసి చూసి వదిలేశాడు. దాని తర్వాత ఉన్న కండెన్సరు కాలు ఒకటి టంకం కరిగించి పైకి లేపి, మీటరు పెట్టాడు. మంచి కండెన్సరయితే ముల్లు ఒక్క ఊపున ముందుకెళ్ళి మెల్లిగా వెనక్కి వచ్చేస్తుంది. ఇదీ అలాగే వచ్చింది. అప్పుడు కాలిన టంకపు కడ్డీని దాని పక్కకి చేర్చి వెచ్చబెట్టాడు. ఈసారి ముల్లు వెళ్ళి అక్కడే కూర్చుంది, వెనక్కి రాలేదు!

"ఇదండీ దొంగ. చల్లగా ఉన్నంతసేపూ పెద్దమనిషి. వేడెక్కాక కరెంటునంతా నేలపాలు చేస్తోంది. ఆ భారం మోయలేక రెసిస్టరు మాడిపోతోంది. కాలింది దొంగ కాదమ్మా, దొంగని పట్టిచ్చింది."

రెండూ మార్చాడు. బోర్డు ధరలో పదోవంతు కూడా కాలేదు. మా అత్తగారు అతనికి ఫిల్టరు కాఫీ ఇచ్చి, నాకేసి చూడకుండానే, "పాపం, తడిగుడ్డ ఏం చేసిందిలే" అన్నారు. అంతకన్నా క్షమాపణ ఆవిడ జీవితంలో ఎవరికీ చెప్పలేదు. పురిటి డబ్బు పురిటికే ఖర్చయింది.

ఇప్పుడు గోడకి తగిలించే పల్చటి టీవీలు. పిక్చర్ ట్యూబు పోయింది, జబ్బులు పోలేదు. 2000 తర్వాత కొన్నేళ్ళు ప్రపంచమంతటా నాసిరకం కండెన్సర్లు వచ్చి కంప్యూటర్లనీ టీవీలనీ ముంచాయి. వాటి నెత్తి పూరీలా ఉబ్బితే పోయినట్టే. మాట ఉండి తెర నల్లగా ఉంటే, చీకట్లో తెర మీదకి టార్చి వేసి చూడండి. నీడలా బొమ్మ కదులుతుంటే వెనక దీపాలు పోయాయన్నమాట, టీవీ మొత్తం కాదు. మూత మాత్రం మీరు విప్పకండి. ఆ పని తెలిసినవాళ్ళదే.

కానీ వచ్చినవాడు "బోర్డు మార్చాలి" అనగానే తలూపకండి. "ఏది కాలింది?" అని అడగండి. చూపించాక, "అదెందుకు కాలింది?" అని రెండో ప్రశ్న వెయ్యండి. మా ఇంట్లో ఇప్పుడు ఏది పాడైనా నేను ఆ రెండో ప్రశ్నే వేస్తాను. మొన్న మిక్సీ ఆగిపోయినప్పుడు మా కోడలు బిక్కమొహం వేసుకుని నిలబడితే, "నువ్వు కూర్చోమ్మా, ముందు ప్లగ్గు చూద్దాం" అన్నాను.