గోడమీది దుప్పి, తెరమీది జింక

చచ్చిన దుప్పి తలను బతికున్నట్టు గోడమీద నిలబెట్టే విద్యలో కొమ్ములు బిగించడమే కీలక ఘట్టం. కొమ్ములతోపాటు పుర్రె పైభాగాన్ని రంపంతో కోసి తీస్తారు. కాగితపు గుజ్జుతోనో కొయ్యతోనో చేసిన దిమ్మ నెత్తిన ఆ ఎముకను ఆనించి, మరలతో బిగించి, సందుల్లో ప్లాస్టరు నింపుతారు. ఆ తర్వాతే పదును చేసిన చర్మాన్ని పైకి లాగి, కొమ్ముల మొదళ్ల దగ్గరా మెడ వెనకా కుట్టేస్తారు. కళ్లు గాజువి. ముక్కు మీది తడి రంగుది. చర్మమూ కొమ్ములూ తప్ప అందులో దుప్పిది దాదాపు ఏమీ మిగలదు. అయినా చూసేవాడు నమ్ముతాడు. కొమ్ములు నిజమైనవి గనక లోపలి డొల్ల కూడా నిజమనిపిస్తుంది.

హిందూపురం పొలిమేర దాటితే పాత మైసూరు సంస్థానం. ఆ మైసూరు నగరంలోనే 20వ శతాబ్దం తొలినాళ్లలో యూజీన్ వాన్ ఇంగెన్ ఈ విద్యకు పెద్ద కర్మాగారం నెలకొల్పాడు. రాజులూ తెల్లదొరలూ వేటాడిన పులులు, దుప్పులు అక్కడికి చర్మాలుగా వెళ్లి అలంకారాలుగా తిరిగొచ్చేవి. ఆ సంస్థ 1999లో మూతపడింది. ఇటువంటి తలల కింద పలక మీద సాధారణంగా ఉండేది కాల్చినవాడి పేరు, తేదీ, స్థలం. పొదలు కొట్టి జంతువును తుపాకి ముందుకు తోలినవాడు, చర్మం ఒలిచినవాడు, దిమ్మ చేసినవాడు ఆ పలక మీదికి ఎక్కలేదు. ఇది యాదృచ్ఛికం కాదు.

అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. మద్రాసు అటవీ చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా వేటాడటం, ఉచ్చు పన్నడం నేరమయ్యాయి. కూటికోసం వల వేసినవాడు దొంగ అయ్యాడు. అనుమతి పత్రం చేతబట్టుకున్నవాడు షికారీ అయ్యాడు. అడవిని చూసే చూపునే పాలకవర్గం మార్చివేసింది.

అంతకుముందు వేట సమాన హక్కుగా ఉండేదని నేననడం లేదు. 1565 తర్వాత పెనుకొండను రాజధాని చేసుకున్న విజయనగర ప్రభువులూ వేటను వైభవంగానే చూశారు. కాని హంపి మహానవమి దిబ్బ శిల్పాల్లో జంతువుతోపాటు వేటగాళ్లూ కనిపిస్తారు. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షిలో, ఆ యుగంలోనే, కిరాతార్జునీయ కథను కప్పు మీద చిత్రించారు. పడ్డ పంది ఎవరి బాణానికి పడిందన్నదే అక్కడి తగవు. ఆ తగవులో ఎదుటి పక్షం కిరాతుడు. ట్రోఫీలో ఆ తగవే లేదు. తీర్పు ముందే రాసి మేకు కొట్టారు.

ఇప్పుడు ధర్మవరం వైపు చూద్దాం. ఆ దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పాత పద్ధతిలో దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. దెబ్బలు తట్టుకోవాలి గనక భీముడికీ రావణుడికీ దుప్పితోలు. మిగిలినవాటికి మేకతోలు. చర్మాన్ని పలచగా గీకి, రంగులద్ది, దీపం ముందు పెడితే వెలుగు దానిగుండా దూసుకొస్తుంది. రాముడు తరిమే మాయలేడీ, తరిమే రాముడూ తోలుతోనే పుట్టారు.

బొమ్మకైనా జింక ప్రాణం పోయింది కదా అని ఎవరైనా అడగవచ్చు. పోయింది. ఆ మాట దాటవేయకూడదు. అయితే ట్రోఫీ చూడమంటుంది ఒక్కడి విజయాన్ని. బొమ్మ ఊరందరినీ కూర్చోబెట్టి కథ చెప్పింది. పైగా బొమ్మ తాను బొమ్మనని దాచదు. దాని కీళ్లూ కర్రలూ తెరమీదే కనిపిస్తాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. అది అవసరమే. చర్మాలూ కొమ్ములూ ట్రోఫీ నిర్వచనంలోకి వచ్చాయి. ఇళ్లలో అప్పటికే ఉన్నవాటిని ప్రకటించి యాజమాన్య పత్రం పొందే వీలూ అదే చట్టం కల్పించింది. ప్రకటించనివారికి 2003లో మరో గడువు ఇచ్చారు. ఈ గోడమీది తలలకు దాని వల్ల కాగితం దొరికింది. తోలుబొమ్మవాడికి ముడిసరుకు పోయింది. అతడు మేకతోలుకు మారి కళను నిలబెట్టుకున్నాడు. చట్టం ముందు ఇద్దరూ సమానులే గాని, కూడబెట్టుకున్నవాడికీ రోజూ పనిచేసి బతికేవాడికీ ఆ సమానత్వం ఒకే ఫలితం ఇవ్వలేదు.

రచయితలకు ఇందులో పాఠం ఉంది. మన చారిత్రక నవలల్లోనూ, స్థానిక చరిత్రల్లోనూ నాలుగు శాసనాలు, రెండు తేదీలు నిజమైనవి తెచ్చి రాజవైభవపు దిమ్మకు బిగించే పని జరుగుతూనే ఉంది. ఆధారం అసలైనదే. దాన్ని దేనికి బిగించారన్నది మనం అడగడం లేదు. పెనుకొండ కోట గురించి రాసేవాడు రాయి మోసినవాణ్ణి కూడా వెతకాలి. అతడు దొరకని చోట, ఆ ఖాళీని ప్లాస్టరుతో పూడ్చకుండా ఖాళీగానే చూపించాలి.